మనోలో మార్కెజ్ నిజంగా గొప్ప కోచేనా? హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి పోకపోయుంటే ఏమయ్యేది?

మీరు అడిగింది ఒకటే అనిపిస్తుంది కానీ అందులో రెండు ప్రశ్నలున్నాయి. హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ క్లబ్‌కి 2020 నుంచి 2023 దాకా కోచ్‌గా ఉన్న మనోలో మార్కెజ్ నిజంగా గొప్ప కోచా, లేక ఒగ్బెచే లాంటి స్ట్రైకర్ చేతికి దొరికినందుకు పేరొచ్చిందా అనేది ఒకటి. హైదరాబాద్ ఎఫ్‌సీని 2025లో ఢిల్లీకి తరలించకుండా ఉంటే ఈపాటికి దేశంలో పెద్ద క్లబ్ అయ్యుండేదా అనేది రెండోది. ఇక "ఇప్పుడు మనం ఢిల్లీకి సపోర్ట్ చెయ్యాలా" అన్న మీ ఆఖరి వాక్యం సంగతి చివర్లో చెప్తాను. ఇప్పటిదాకా జవాబిచ్చినవాళ్ళలో కొందరు "ఇండియా టీమ్‌తో ఎనిమిది మ్యాచ్‌లాడి ఒక్కటి గెలిచాడు, ఆయనేం గొప్ప" అన్నారు. ఇంకొందరు "స్టేడియం నిండలేదు, అందుకే టీమ్ పోయింది" అన్నారు. ఈ రెండు మాటలూ నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నేను తొంభైల్లో సికింద్రాబాద్‌లో లీగ్ మ్యాచ్‌లు ఆడినవాణ్ణి, లెఫ్ట్ బ్యాక్‌గా, అంటే ఎడమ వైపు డిఫెండర్‌గా. పదిహేనేళ్ళుగా పిల్లలకు కోచింగ్ ఇస్తున్నాను. హైదరాబాద్ ఎఫ్‌సీ గచ్చిబౌలిలో ఆడిన మ్యాచ్‌లు రెండో మూడో తప్ప అన్నీ స్టాండ్స్‌లో కూర్చుని చూశాను. లెఫ్ట్ బ్యాక్ అని ప్రత్యేకంగా ఎందుకు చెప్పానంటే, మనోలో చేసిన పని ఏమిటో నాకు ఆ పొజిషన్ వల్లే అర్థమైంది.

ముందు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. మన క్లబ్ కూడా ఇంకో ఊరి నుంచి వచ్చిందే. 2019లో ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడితే ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో ఆ ఖాళీలోకి హైదరాబాద్ వచ్చింది. మనం ఇక్కడ పసుపు జెర్సీలు కొనుక్కుని సంబరపడుతున్న రోజుల్లోనే పుణెలో అభిమానులు తమ జెర్సీలు మడిచి బీరువాలో పెట్టుకున్నారు. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్‌కి వెళ్ళి ఒడిశా ఎఫ్‌సీ అయింది. ఆరేళ్ళ తర్వాత ఢిల్లీకి మళ్ళీ ఒక టీమ్ దక్కింది, అది మనది. ఐఎస్ఎల్‌లో సీటు క్లబ్ యజమానిది, ఊరిది కాదు. ఈ ఒక్క విషయం అప్పుడే సరిగ్గా అర్థమై ఉంటే మనం వేరేగా ఉండేవాళ్ళమేమో.

మొదటి సీజన్ ఘోరం. కోల్‌కతాలో మొదటి మ్యాచే ఏటీకే చేతిలో 5-0. నవంబర్ 2న గచ్చిబౌలిలో కేరళ బ్లాస్టర్స్ వచ్చింది. కేరళకి రాహుల్ కేపీ ముందు గోల్ కొట్టాడు. తర్వాత స్టాన్‌కోవిచ్ పెనాల్టీ, చివర్లో మార్సెలిన్యో ఫ్రీకిక్, 2-1తో గెలిచాం. నా పక్కన కూర్చున్న పెద్దాయన, ఎనభైకి దగ్గర ఉంటారు, ఆ ఫ్రీకిక్ గోల్‌లో పడగానే నా భుజం పట్టుకుని లేచి నిలబడ్డారు. ఫతే మైదాన్‌లో సిటీ పోలీస్ టీమ్ ఆటలు చూసిన మనిషట. "ఎన్నేళ్ళయిందో ఈ ఊళ్ళో ఇట్లా అరిచి" అన్నారు. ఆ సీజన్ మొత్తం మీద మళ్ళీ గెలిచింది ఒక్కటే మ్యాచ్. 18 మ్యాచ్‌లకి 10 పాయింట్లు, ఆఖరి స్థానం. కోచ్ ఫిల్ బ్రౌన్‌ని మధ్యలోనే పంపేశారు.

తర్వాత ఆల్బర్ట్ రోకా రావాల్సింది. ఆయనకు బార్సిలోనా నుంచి పిలుపొచ్చి వెళ్ళిపోయారు. అలా 2020 ఆగస్టు చివర్లో, సీజన్ నెత్తి మీదికొచ్చాక, మనోలో వచ్చాడు. స్పెయిన్‌లో కింది డివిజన్లలో ఏళ్ళ తరబడి పనిచేసి, కొన్నాళ్ళు లాస్ పాల్మాస్‌ని నడిపిన మనిషి. ఇక్కడ ఎవరికీ పెద్దగా తెలియదు.

ఆ ఏడాది కోవిడ్ వల్ల లీగ్ అంతా గోవాలోనే, ఖాళీ స్టేడియాల్లో. నేను టీవీ ముందు కూర్చుని ఆకాశ్ మిశ్రాని చూడటం మొదలుపెట్టాను. ఉత్తరప్రదేశ్ కుర్రాడు, అప్పటికి పంతొమ్మిదేళ్ళు, నా పొజిషన్. మాకు చిన్నప్పుడు నేర్పిందేమిటంటే, లెఫ్ట్ బ్యాక్ సెంటర్ లైన్ దాటకూడదు, దాటితే తిట్లు. ఈ కుర్రాడు బంతి తన వైపు రాకముందే దాటేస్తున్నాడు. మొదట్లో వయసు దూకుడు అనుకున్నాను. నాలుగైదు మ్యాచ్‌లు చూశాక తెలిసింది, అతను ఒంటరిగా పరిగెత్తడం లేదు. ముందున్న వింగర్ లోపలికి కోసుకొస్తాడు, లిస్టన్ కొలాసో అయితే మరీను. అతని వెంట అవతలి రైట్ బ్యాక్ కూడా లోపలికి లాగబడతాడు. గీత పక్కన ఖాళీ పడుతుంది. ఆకాశ్ ఆ ఖాళీలోకి వెళ్తాడు. అతను వెళ్ళిన మరుక్షణం మధ్యలో ఉన్న ఇద్దరిలో ఒకరు, ఎక్కువసార్లు జోవావ్ విక్టర్, రెండడుగులు వెనక్కీ ఎడమకీ జరిగి కాపలా నిలబడతాడు. అవతలి వైపు ఆశిష్ రాయ్‌ది కూడా ఇదే పని. బంతి పోయిందంటే ఇద్దరూ ఒక్క క్షణం కూడా చేతులెత్తి రిఫరీ వైపు చూడరు, తిరిగి పరుగే. ఆ వెనక్కి పరుగు చూడండి, పాత మ్యాచ్‌లు దొరికితే. గోల్స్ కంటే కోచ్ పనితనం నాకు అందులో కనిపిస్తుంది. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళకి రోజూ ప్రాక్టీసులో వందసార్లు చెప్తే తప్ప రాదది. నేను మా పిల్లలకి నాలుగు కోన్లు పెట్టి అదే చేయించాను. ముందుకెళ్ళడం ఒక్కరోజులో నేర్చుకున్నారు, వెనక్కి రావడం నేర్పడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ఆ సీజన్‌లో 29 పాయింట్లు, ఐదో స్థానం. చివరి రోజు ఎఫ్‌సీ గోవాతో 0-0 అవడంతో ప్లేఆఫ్ చేజారింది. పది పాయింట్ల టీమ్‌ని పట్టుకుని, పెద్ద పేర్లు లేకుండా, ఇంత తక్కువ టైమ్‌లో అక్కడిదాకా తేవడం. ఒగ్బెచే అప్పటికి మన టీమ్‌లో లేడు, ముంబయికి ఆడుతున్నాడు. కాబట్టి "ఒగ్బెచే వల్లే" అనే వాదన ఇక్కడే పడిపోతుంది.

ఇక 2021-22. ఒగ్బెచే వచ్చాడు, 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ తీసుకున్నాడు. ఆయన గొప్పతనం తక్కువ చెయ్యను. కానీ అదే వేసవిలో లిస్టన్‌ని ఏటీకే మోహన్ బగాన్‌కి అమ్మేశారు, అప్పట్లో భారత ఆటగాడికి అది రికార్డు ధర. ఉన్న ఆయుధం పోయినా ఆట మారలేదు, 38 పాయింట్లతో రెండో స్థానం, సెమీస్‌లో ఆ మోహన్ బగాన్‌నే రెండు లెగ్‌లు కలిపి 3-2తో ఓడించారు.

2022 మార్చి 20, ఫతోర్డా, ఫైనల్. ఎదురుగా మళ్ళీ కేరళ. స్టాండ్స్‌లో పసుపు సముద్రం, అది మనది కాదు, వాళ్ళది. పసుపు జెర్సీ మనకి దక్కింది, వాళ్ళు వేరే రంగులో ఆడారు. 68వ నిమిషంలో గోల్ కొట్టిందెవరనుకున్నారు, మళ్ళీ రాహుల్ కేపీయే. నేను ఇంట్లో నిలబడి చూస్తున్నాను, టెన్షన్‌కి కూర్చోలేక. 88వ నిమిషంలో బాక్స్ బయట పడిన బంతిని సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన సాహిల్ తవోరా గాల్లోనే అందుకుని కొట్టాడు. అంత దూరం నుంచి, అంత శుభ్రంగా తగిలిన షాట్ ఐఎస్ఎల్ ఫైనల్స్‌లో నేనింకొకటి చూడలేదు. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, 3-1. తవోరా గోవా కుర్రాడు, కట్టిమణి కూడా గోవా వాడే. హైదరాబాద్ కప్పు గోవా గడ్డ మీద, గోవా వాళ్ళ చేతుల మీదుగా వచ్చింది.

ఆ రాత్రి నాకు కలిగిన సంతోషంలోనే చిన్న ముల్లు గుచ్చుకుంది. ఆ రోజు మొదట బరిలోకి దిగిన పదకొండు మందిలో హైదరాబాద్ వాడు ఒక్కడూ లేడు. ఆ టీమ్ రెండు సీజన్లలో ఒక్క మ్యాచ్ కూడా హైదరాబాద్‌లో ఆడలేదు. ఈ ఊరు తన చాంపియన్ని పుట్టి పెరిగి గెలిచేదాకా టీవీలోనే చూసింది.

ఇందుకే "జనం రాలేదు" అన్న మాట నాకు బాధ కలిగిస్తుంది. జనానికి అలవాటు కావడానికి టైమ్ ఎక్కడిచ్చారు? ఆరు సీజన్లలో మొదటిది ఓటముల సీజన్. తర్వాతి రెండూ గోవాలో. 2022-23 ఒక్కటే మంచి టీమ్ సొంత ఊళ్ళో ఆడిన సంవత్సరం. ఆ తర్వాతి రెండూ ఓటములే. అంటే ఈ ఊరికి దక్కింది ఒక్క ఏడాది. పైగా మ్యాచ్ సాయంత్రం ఏడున్నరకి, ఐటీ ఆఫీసులు వదిలే ట్రాఫిక్ మధ్య. మెట్రో రాయదుర్గంలో ఆగిపోతుంది, అక్కడి నుంచి ఆటో బేరం. ఈ ఊళ్ళో ఫుట్‌బాల్ బతికున్న చోట్లు బార్కస్, పాతబస్తీ, బొల్లారం, అమ్ముగూడ. బార్కస్ నుంచి గచ్చిబౌలికి వారం మధ్యలో ఓ కుర్రాడు ఎలా వచ్చి, పదిన్నరకి ఎలా తిరిగెళ్తాడు? అయినా వచ్చారు. డెక్కన్ లీజన్ అనే అభిమానుల గుంపు కుర్రాళ్ళు ఓడిపోతున్న మ్యాచ్‌లో కూడా డప్పు ఆపలేదు.

ఆ ఒక్క ఏడాది గురించి కాస్త చెప్పనివ్వండి. 42 పాయింట్లు, ముంబయి తర్వాత రెండో స్థానం. ఆశిష్ రాయ్ అప్పటికే మోహన్ బగాన్‌కి వెళ్ళిపోయాడు. 2023 మార్చి 9న సెమీఫైనల్ మొదటి లెగ్ గచ్చిబౌలిలో, అదే మోహన్ బగాన్‌తో, 0-0. నేను నా దగ్గర నేర్చుకునే పిల్లల్ని పన్నెండు మందిని తీసుకెళ్ళాను. గోల్ పడకపోయినా ఒక్కడూ ఫోన్ తియ్యలేదు. కోల్‌కతాలో రెండో లెగ్ కూడా 0-0, పెనాల్టీల్లో 4-3తో ఓడాం. 210 నిమిషాలకు పైగా ఆడి ఒక్క గోల్ ఇవ్వకుండా బయటికొచ్చిన టీమ్ అది. ఆ సీజన్‌తో మనోలో వెళ్ళిపోయాడు, గోవాకి. ఆకాశ్ మిశ్రా ముంబయికి, ఒగ్బెచే కూడా బయటికి.

ఆ తర్వాత కూలిపోయిన తీరు చూస్తే మనోలో విలువ ఇంకా తెలుస్తుంది అంటారు చాలామంది. 2023-24లో 22 మ్యాచ్‌లకి ఒక్క గెలుపు, 8 పాయింట్లు. నేను ఆ లెక్కని ఆయన ఖాతాలో వెయ్యను, అది న్యాయం కాదు. ఆ ఏడాది ఆటగాళ్ళకి జీతాలు అందలేదు, కొత్త ఆటగాళ్ళని తీసుకోకుండా ఫిఫా ట్రాన్స్‌ఫర్ బ్యాన్ పడింది, విదేశీ ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. కోచ్ థంగ్‌బోయ్ సింగ్‌టో కుర్రాళ్ళతో ఎలాగో పదకొండు మందిని దించాడు. ఆయన స్థానంలో ఎవరున్నా పాయింట్లలో పెద్ద తేడా ఉండేది కాదు. తర్వాత యాజమాన్యం మారింది, 2024-25లో 18 పాయింట్లు, కింది నుంచి రెండో స్థానం. 2025 అక్టోబర్‌లో స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చి తీసుకెళ్ళారు.

ఇండియా టీమ్ సంగతి కూడా తేల్చేద్దాం. 2024 జులైలో ఆయన్ని జాతీయ కోచ్‌గా పెట్టారు, గోవా ఉద్యోగం వదలకుండానే. ఎనిమిది మ్యాచ్‌లు, మాల్దీవులపై ఒక్క గెలుపు, నాలుగు డ్రాలు, మూడు ఓటములు. గచ్చిబౌలిలో మారిషస్‌తో 0-0, సిరియా చేతిలో 0-3, నవంబర్‌లో మలేషియాతో 1-1, మూడూ స్టేడియంలోనే చూశాను. నాకు బాధేసింది, కానీ ఆశ్చర్యం వెయ్యలేదు. పైన చెప్పిన ఆ వెనక్కి పరుగు పది రోజుల క్యాంపులో రాదు. ఆయన రోజూ మైదానంలో నిలబడి ఆటగాణ్ణి తయారుచేసే కోచ్. జాతీయ జట్టుకి కావాల్సింది దొరికిన వాళ్ళతో నాలుగు రోజుల్లో టీమ్ కట్టే మనిషి. గోల్ కొట్టేవాడు లేక రిటైరైన సునీల్ ఛెత్రిని 2025 మార్చిలో వెనక్కి పిలవాల్సి వచ్చింది, అది ఆయన తయారు చేసిన కరువు కాదు. రెండు ఉద్యోగాలు ఒకేసారి ఒప్పుకోవడం మాత్రం తప్పే, ఆ విషయంలో ఆయన్ని సమర్థించను. అదే ఏడాది గోవాతో సూపర్ కప్ గెలిచాడు, లీగ్‌లో రెండో స్థానంలో నిలిపాడు. క్లబ్ కోచ్‌గా ఆయన స్థాయి ఏమిటో అది చాలు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ఢిల్లీకి పోకపోయుంటే పెద్ద క్లబ్ అయ్యేదా? 2025లో ఆపినా లాభం లేదు. అప్పటికే మిగిలింది పేరూ, సీటూ. నా లెక్కలో మనం పోగొట్టుకున్నది 2021 నుంచి 2023 మధ్య, ఏడాదికొకడు చొప్పున. లిస్టన్, ఆశిష్, ఆకాశ్. 2024-25లో లీగ్‌లో మొదటి స్థానానికిచ్చే షీల్డూ, ఫైనల్ గెలిస్తే వచ్చే కప్పూ రెండూ గెలిచిన మోహన్ బగాన్‌లో లిస్టన్, ఆశిష్ ఇద్దరూ ఉన్నారు. వీళ్ళనీ, మిడ్‌ఫీల్డర్ యాసిర్‌నీ మరో మూడేళ్ళు ఒకచోట ఉంచి, జీతాలు టైముకి ఇచ్చి, మనోలోని ఉండనిచ్చి ఉంటే ఈ ఊరికి ఇంకో ఫైనలో షీల్డో వచ్చేదని నేను నమ్ముతాను. అందులో అతిశయోక్తి లేదు, 2022-23 పాయింట్లే సాక్ష్యం.

ఆటగాళ్ళు కోల్‌కతాకి పోవడం మనకి కొత్త కాదు కూడా. అమ్ముగూడ బలరాం, ఆ తర్వాత నయీముద్దీన్, హబీబ్, అక్బర్, అందరూ అక్కడికే వెళ్ళి పేరు తెచ్చుకున్నారు. అయినా ఈ ఊరు తట్టుకుంది, ఎందుకంటే వాళ్ళ వెనక ఇంకో వరస తయారవుతూ ఉండేది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, మన రహీం సాబ్, సిటీ పోలీస్ టీమ్‌తో 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచారు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియాకి నాలుగో స్థానం, 1962 ఏషియాడ్ బంగారం, ఆ జట్లలో మన ఊరి కుర్రాళ్ళున్నారు. ఆయన కోచ్‌గా మిగిల్చింది ఆ వరస. మనోలోతో పోల్చి చూస్తే నాకు తేడా కనిపించేది ఇక్కడే. మనోలో మూడేళ్ళలో మిగిల్చిన ఆటగాళ్ళు దేశానికి పనికొచ్చారు, హైదరాబాద్‌లో మిగల్లేదు. ఆ తప్పు ఆయనది కాదు, బార్కస్‌లోనూ బొల్లారంలోనూ పదమూడేళ్ళ పిల్లల్ని వెతికి పెంచాల్సిన పని కోచ్‌ది కాదు, క్లబ్‌ది. మొదటి టీమ్‌లో ఇద్దరు ముగ్గురు మన వీధి కుర్రాళ్ళు ఉండి ఉంటే, తరలిస్తామన్న రోజు ఈ ఊరు ఇంత నిశ్శబ్దంగా ఊరుకునేది కాదు.

ఇంకో క్లబ్ గురించి ఎవరూ ఎత్తలేదు, అదీ చెప్పాలి. హైదరాబాద్‌దే అయిన శ్రీనిధి డెక్కన్, ఐఎస్ఎల్‌కి కింది మెట్టు అయిన ఐ-లీగ్‌లో 2022-23లోనూ 2023-24లోనూ రెండో స్థానంలో నిలిచింది. ఆ రెండేళ్ళూ మొదటి స్థానం వచ్చిన జట్టుకే ఐఎస్ఎల్ ప్రమోషన్. ఒకసారి పంజాబ్, ఒకసారి మహమ్మదన్ వెళ్ళాయి. సీటు కొనుక్కోకుండా ఆడి గెలుచుకునే దారిలో మన ఊరి టీమ్ రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళింది. హైదరాబాద్ ఎఫ్‌సీ మ్యాచ్‌లకి వచ్చినవాళ్ళలో సగం మందైనా ఆ టీమ్ మైదానం డెక్కన్ అరీనా ఎక్కడుందో చూడలేదు, నేనే మొదటి రెండేళ్ళలో మూడుసార్లకి మించి వెళ్ళలేదు.

తరలింపు వార్త వచ్చిన వారం, ఆదివారం పొద్దున ప్రాక్టీసుకి మా దగ్గర పదకొండేళ్ళ అబ్బాయి ఎప్పటిలాగే పసుపు జెర్సీ వేసుకొచ్చాడు. సెమీఫైనల్‌కి నేను తీసుకెళ్ళిన పిల్లల్లో వాడే అందరికంటే చిన్నవాడు. బూట్ల లేసు కట్టుకుంటూ, తల ఎత్తకుండా, "సర్, ఇప్పుడు మనం ఢిల్లీకి సపోర్ట్ చెయ్యాలా?" అన్నాడు. మీ ప్రశ్నలో ఆఖరి వాక్యం కూడా ఇదే కదా. వాడికి చెప్పిందే మీకూ చెప్తున్నాను: అక్కర్లేదు. ఆకాశ్ ఎక్కడ ఆడితే అక్కడ ఆకాశ్ ఆట చూడు, జెర్సీ నీదే, ఉంచుకో. వచ్చే మ్యాచ్‌కి డెక్కన్ అరీనాకి తీసుకెళ్తాను, ఇంట్లో అడిగి రా అన్నాను. వాడి వెంట వాళ్ళ నాన్న కూడా వచ్చారు.